వ్రాతపనా, అద్దకమా: మన కథను గుడ్డ మీద చెప్పుకోవడానికి ఏది మేలు?

గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే శ్రీకాళహస్తి కలంకారీకి పాత పేరు వ్రాతపని. పెడన, మచిలీపట్నం వైపు అదే కలంకారీ పేరుతో జరిగేది అద్దకం. అక్కడ కలం ఉండదు, చెక్క అచ్చును రంగులో అద్ది గుడ్డ మీద ఒత్తుతారు. మా ఊరి గురించి, మా ఇంటి గురించి గుడ్డ మీద ఏదైనా చేయాలని ఉంది, రెండింటిలో ఏది నేర్చుకోమంటారు అని నన్ను అడిగేవారున్నారు. చాలామంది తడుముకోకుండా వ్రాతపని అంటారు. చేత్తో గీసేది కాబట్టి గీసిన మనిషి అందులోనే కనిపిస్తాడని వాళ్ల నమ్మకం. నేనూ ఆ నమ్మకంతోనే మొదలుపెట్టాను. ఇప్పుడు నన్నడిగితే ముందు అచ్చు చెక్కమంటాను.

వ్రాతపని గొప్పదనం గీత కంటే ముందే, గుడ్డ తయారీలోనే మొదలవుతుంది. నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. పాలలోని కొవ్వు వల్ల సిరా పాకదు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెడితే నల్ల సిరాకు కావలసిన కషాయం వస్తుంది. ఆ కషాయం కలంలో ఉన్నప్పుడు పలచగా, గోధుమ రంగులో ఉంటుంది. గుడ్డకు పట్టిన కరక్కాయ తగలగానే కళ్ల ముందే నల్లబడుతుంది. కలం అంటే చివర ఉన్ని చుట్టి దారంతో బిగించిన వెదురు పుల్ల. ఉన్నిని వేళ్లతో నొక్కుతూ సిరా దించుకోవాలి. చింత బొగ్గుతో వేసిన గీతనైతే దులిపేయవచ్చు, కలం గీత పడితే ఇక చెరగదు. ఆ భయమే చేతికి నిలకడ నేర్పుతుంది.

అయితే ఆ గీత ఎవరిది? పెద్ద కళ్లు, పక్కకు తిరిగిన ముఖం, నగల వరసలు, బొమ్మల కింద పట్టీలో తెలుగు అక్షరాలు. గుడి గోడలకు, రథాలకు రామాయణ భారత కథలు గీసిన వంశాల చేతిలో తరతరాలుగా స్థిరపడిన భాష అది. ఆ భాషలో క్రీస్తు కథను చెప్పినా ఆ కళ్లు అవే. కొత్తగా చేరినవాడు ఏళ్ల పాటు గురువుగారి కళ్లనే గీస్తాడు, గీయాలి కూడా. నేను మా అమ్మను గీయబోతే సీతమ్మ వచ్చింది. అందంగానే ఉంది, కానీ అమ్మ కాదు.

అద్దకంలో మొదట ఎదురయ్యే ప్రశ్న వేరు. ఒకసారి చెక్కిన అచ్చే గుడ్డంతా మళ్లీ మళ్లీ పడుతుంది. కాబట్టి మన బతుకులో నుంచి మళ్లీ మళ్లీ ఒత్తదగిన ఒక్క వస్తువు ఏదో ముందే తేల్చుకోవాలి. పెడన అచ్చుల్లో కనిపించే తీగలు, సరుగుడు లాంటి చెట్లు, పూలు గోల్కొండ కాలం నాటి పర్షియా అభిరుచినీ సముద్ర వ్యాపారాన్నీ గుర్తుచేస్తాయి. ఎవరికోసం అద్దారో ఆ గుడ్డే చెబుతుంది. నాకు మామిడి పిందె, నెమలి, పద్మం చేతికి వచ్చాయి గానీ ఏదీ నాది కాదనిపించింది. మాది ప్రకాశం జిల్లా. అమ్మ పొగాకు బ్యారన్ దగ్గర, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం దగ్గర, కర్రలకు ఆకు కట్టేది. చివరికి నేను చెక్కింది ఆ కర్రనే: రెండు వైపులా వేలాడే ఆకులు, మధ్యలో దారం ముడులు.

ఒకే బొమ్మ పదిసార్లు పడితే అందులో మనిషితనం పోతుందన్న మాటను నేను ఒప్పుకోను. మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ బరోడాలో చదువుకుని వచ్చి లోహపు పలక మీద యాసిడ్‌తో చేసిన ఎచింగ్‌లు చూడండి. ఆ మేకలు, ఆ పల్లె స్త్రీ పురుషులు ఎన్ని ప్రతులు తీసినా ఆయనవే. కానీ ఎచింగ్‌కు యాసిడ్, ప్రెస్ కావాలి, కాబట్టి ఇంట్లో మొదలుపెట్టేవారికి అది కుదరదు.

ఒక షరతు మాత్రం చెప్పాలి. పెడనలో అచ్చు చెక్కేవారు వేరు, అద్దేవారు వేరు. బజారులో తయారైన అచ్చు కొని ఒత్తితే చేతికి పని దొరుకుతుంది, మీ గురించి మీకేమీ తెలియదు. అచ్చు మీరే చెక్కాలి. అచ్చులకు వాడే టేకు చెక్క మొదటే లొంగదు, మెత్తగా తెగే లినోలియం షీటు ముక్క మీద మొదలుపెట్టండి. చెక్కినది గుడ్డ మీద పడేటప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి. మీ పేరును తిరగేసి చెక్కాల్సి వస్తే, ఇన్నేళ్లూ చూడకుండానే రాసిన అక్షరాల వంపులు మొదటిసారి కనిపిస్తాయి. ఒక సంఘటనను మొదటి నుంచి చివరి దాకా చెప్పాలనుకునేవారికి మాత్రం వ్రాతపనికి సాటి లేదు. ఏళ్లు వెచ్చించగలిగితే వెళ్లండి. గీయడమే ఇష్టం లేనివారికి అమ్మ పాత చీరలతో కుట్టే బొంత ఉంది, ఆ గుడ్డల్లో ఇంటి కథ ముందే ఉంటుంది.

నా అచ్చుతో అద్దిన మొదటి దుప్పటిని అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, ఒక ముడి మీద వేలు పెట్టింది. "ఇది నేను కట్టిన కర్ర కాదమ్మా. ఎడమ చేతివాళ్లు ముడి ఇలా వేస్తారు" అంది. నిజమే, ఆకులను చూసుకుంటూ దారాన్ని తిప్పి చెక్కడం మరిచిపోయాను. రెండో అచ్చు కోసం అమ్మ చేత మళ్లీ ఒక కర్రకు ఆకు కట్టించి, ఆ ముడిని కాగితం మీద దించి, కాగితాన్ని తిరగేసి చెక్కుతున్నాను.