ఆడిటర్ ఆఫీసు పని ఇంటి నుంచి: దాదాపు ఆరేళ్ల తర్వాత నా సమీక్ష

ఇంటి నుంచి పని అనగానే అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ల గురించే రాస్తారు. నేను రాసేది విజయవాడలో ఒక చిన్న ఆడిటర్ ఆఫీసు గురించి. మొత్తం తొమ్మిది మందిమి. నేను అక్కడ సీనియర్ అకౌంటెంట్‌ని, ఉండేది తెనాలిలో. 2020 మార్చి వరకు పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి వెళ్లి, రాత్రికి మళ్లీ రైల్లోనే ఇల్లు చేరేదాన్ని. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ తర్వాత మూడు రోజులకు లాక్‌డౌన్. రైళ్లు ఆగిపోయాయి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి వారం కూడా లేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇంటి నుంచి పని నడుస్తూనే ఉంది. మొదటి ఏడాదిన్నర పూర్తిగా ఇంట్లోనే, తర్వాత వారానికి మూడు రోజులు. మాలాంటి చిన్న ఆఫీసుల్లో ఈ పద్ధతి పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మాది కాగితం మీద నడిచే పని. షాపుల వాళ్లు నెలాఖరుకి పర్చేజ్ బిల్లులన్నీ గుడ్డసంచిలో వేసి పంపేవారు. వాటిని తారీఖుల వారీగా సర్ది, ట్యాలీలో, అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో, ఎంట్రీలు కొట్టేవాళ్లం. డేటా అంతా ఆఫీసు కంప్యూటర్లలోనే. మా ఆడిటర్ సార్ ఇల్లు ఆఫీసు పై అంతస్తులోనే కావడం అప్పట్లో మాకు కలిసొచ్చింది. ఆయన రోజూ కిందికి దిగి కంప్యూటర్లు ఆన్ చేసేవారు, మేం రిమోట్ డెస్క్‌టాప్‌తో ఇళ్ల నుంచి వాటిలోకి వెళ్లేవాళ్లం. బిల్లులు మాత్రం వాట్సాప్‌లో ఫొటోలుగా వచ్చేవి. మడతలు పడినవి, నీడ పడినవి, సగం తెగిపోయినవి. ఒక్కో బిల్లు మీద జీఎస్‌టీ నంబరు చదవడానికే కళ్లు లాగేసేవి. మొదటి మూడు నెలల గురించి నన్నడిగితే ఈ పద్ధతి మాకు పనికిరాదనే చెప్పేదాన్ని.

ఆ జూన్‌లోనే పెద్ద దెబ్బ తగిలింది. ఒకే క్లయింట్ డేటా రెండు చోట్ల తెరుచుకుని ఉంది. నేను ఆఫీసు కంప్యూటర్‌లో కొడుతున్నాను, మా జూనియర్ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన కాపీలో కొడుతోంది. తను తన బ్యాకప్‌ని ఆఫీసు కంప్యూటర్‌లో రీస్టోర్ చేయగానే నా తొమ్మిది రోజుల ఎంట్రీలు పోయాయి. ఆ అమ్మాయి ఫోన్‌లో ఏడ్చేసింది. తప్పు తనది కాదు. కాపీ ఇంటికి తీసుకెళ్లకూడదని మేమెవరం తనకి చెప్పలేదు. ఆ రోజు నుంచి డేటా ఒక్కచోటే ఉంటుంది, సాయంత్రం ఏడుకి రెండు చోట్లకి బ్యాకప్ వెళ్తుంది, పెన్‌డ్రైవ్ ఎవరూ వాడరు. ఇంటి నుంచి పని పెట్టాలనుకునేవాళ్లు కుర్చీలు, కెమెరాలు కొనేముందు ఈ ఒక్కటి చూసుకోండి.

ఇంకో చిక్కు డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్, అంటే కంప్యూటర్‌కి పెట్టి ఆన్‌లైన్‌లో సంతకం చేసే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం. సొంత పేరుతో వ్యాపారం చేసే చిన్న షాపు యజమాని ఓటీపీతో జీఎస్‌టీ రిటర్న్ వేసేయొచ్చు. కంపెనీకి అలా కుదరదు, డాంగిల్ పెట్టి సంతకం చేయాలి. ఆటోనగర్‌లో మా క్లయింట్ ఒకాయన కంపెనీ డాంగిల్ తాళం వేసిన బీరువాలో ఉండిపోయింది, ఆయనేమో హైదరాబాద్‌లో చిక్కుకుపోయారు. మాకు గండం గడిచింది ప్రభుత్వం ఇచ్చిన వెసులుబాటు వల్లే. 2020 ఏప్రిల్ 21 నుంచి కొంతకాలం కంపెనీలు కూడా 3బీని, అంటే పన్ను లెక్క చూపి కట్టే జీఎస్‌టీ రిటర్న్‌ని, ఓటీపీతో వేయొచ్చన్నారు. అయితే ఆ సంఘటన మా కళ్లు తెరిపించింది. అప్పటివరకు చాలామంది క్లయింట్ల డాంగిళ్లు మా ఆఫీసు సొరుగులోనే, పిన్ నంబర్లు రాసిన చీటీలతో సహా ఉండేవి. సంతకం అనేది మనిషి తన చేతిలో ఉంచుకోవాల్సిన వస్తువు. ఇప్పుడు డాంగిళ్లన్నీ యజమానుల దగ్గరే ఉన్నాయి. సంతకం రోజున మేం వాళ్ల కంప్యూటర్‌కి రిమోట్‌లో కలుస్తాం, పిన్ వాళ్లే కొడతారు. కాస్త ఆలస్యమవుతుంది, అయినా ఇదే సరైన పద్ధతి.

మరి పనికిరాదనుకున్న పద్ధతి ఎలా నిలబడింది? మా ఆఫీసులో ఈ ప్రశ్నకి ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు. నా జవాబు ఇది: బిల్లు తనంతట తానే డేటాగా రావడం మొదలైంది. 2020 ఆగస్టు నెల నుంచి జీఎస్‌టీ పోర్టల్‌లో 2బీ అనే కొనుగోళ్ల జాబితా వస్తోంది. అమ్మినవాళ్లు 11వ తేదీలోగా తమ అమ్మకాల వివరాలతో జీఎస్‌టీఆర్-1 వేస్తే, 14న మా క్లయింట్ల 2బీలో ఆ కొనుగోళ్లన్నీ కనిపిస్తాయి. 2022 జనవరి నుంచి 2బీలో కనబడిన మేరకే ఐటీసీ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుని మన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోవాలన్నారు. దాంతో ఫొటోల్లో నంబర్లు వెతుక్కునే పని పోయి, 2బీని, మా ఖాతాని పక్కపక్కన పెట్టి తేడాలు పట్టుకునే పని వచ్చింది. ఆ పని తెనాలిలో కూర్చున్నా, విజయవాడ బీసెంట్ రోడ్డులో కూర్చున్నా ఒకటే. పైగా బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్వాయిస్ 2020 అక్టోబరులో రూ. 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లతో మొదలై, 2023 ఆగస్టుకల్లా రూ. 5 కోట్లు దాటిన వాళ్లదాకా దిగింది. మా క్లయింట్లకి సరుకిచ్చే హోల్‌సేల్ వాళ్లలో చాలామంది అందులోకి వచ్చారు. గుడ్డసంచులు నెలనెలా పలచబడ్డాయి.

నోటీసుల పని కూడా మారింది. ఇదివరకు ఇన్‌కమ్ ట్యాక్స్ స్క్రూటినీ (రిటర్న్ తనిఖీ) అంటే ఫైళ్లు మోసుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. అధికారిని ఎదురుగా కలవనక్కర్లేని ఫేస్‌లెస్ పద్ధతి వచ్చాక జవాబులు, కాగితాలు అన్నీ పోర్టల్‌లోనే పెడుతున్నాం.

మనుషుల మధ్య నమ్మకం నిలబెట్టిన సంగతి ఇంకోటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఏ ఎంట్రీ ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది చెరగకుండా ఉంటుంది. చట్టం కంపెనీలకే చెప్పినా మేం అన్ని ఖాతాలకీ పెట్టుకున్నాం, ఎవరి లాగిన్ వాళ్లకి ఇచ్చాం. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు "ఇది నువ్వే మార్చావా?" అని నవ్వుతూ అడగొచ్చు. అదే మాట ఫోన్‌లో అడిగితే నింద వేసినట్టు ఉంటుంది. లాగ్ వచ్చాక ఆ మాట అడగాల్సిన అవసరమే తగ్గింది.

ఈ పద్ధతికి అసలైన పరీక్ష 2025 సెప్టెంబరులో ఎదురైంది. 3వ తేదీ రాత్రి జీఎస్‌టీ కౌన్సిల్ నిర్ణయం ప్రకటించారు. 12, 28 శాతం శ్లాబులను దాదాపుగా ఎత్తేసి సరుకులను 5, 18 శాతాల్లోకి సర్దుతున్నట్టు, అది 22 నుంచే అమలు. అంటే మాకున్నవి పందొమ్మిది రోజులు. మధ్యలో 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ గడువులు. 22వ తేదీ దసరా నవరాత్రుల మొదటి రోజు. విజయవాడలో ఆ పండగ రోజులన్నీ ఊరంతా దుర్గమ్మ కొండ దగ్గరే ఉంటుంది, బట్టల షాపులకి అదే సీజన్. రెడీమేడ్ బట్టలకి అప్పటిదాకా ఒక్కోటి రూ. 1,000 వరకు 5 శాతం, దాటితే 12. ఇప్పుడు రూ. 2,500 వరకు 5 శాతం, దాటితే 18. రూ. 1,800 చొక్కా మీద పన్ను తగ్గుతుంది, రూ. 3,000 చొక్కా మీద పెరుగుతుంది. ఒక్కో షాపు బిల్లింగ్ సిస్టమ్‌లో వేల ఐటమ్‌లు.

21 ఆదివారం. ఐదుగురం ఐదు ఇళ్లలో ఉండి, షాపులు మూసిన తర్వాత ఒక్కో షాపు కంప్యూటర్‌లోకి వెళ్లి రేట్లు మార్చాం. ఎవరు ఏ షాపు చూస్తున్నారో ఒకే షీట్‌లో రాసుకున్నాం, అయిపోయినవాటికి పచ్చ రంగు పెట్టాం. తెల్లవారుజామున మూడున్నరకి షీటంతా పచ్చబడింది. పొద్దున్న ఒకే షాపు నుంచి ఫోన్ వచ్చింది, అక్కడ సరిగ్గా రూ. 2,500 ధర ఉన్న బట్టలకి తప్పు పన్ను రేటు పడుతోంది, రెండు నిమిషాల్లో సరిచేశాం. ఇదే 2017 జులైలో జీఎస్‌టీ మొదలైనప్పుడు నేను షాపు షాపుకీ ఎండలో తిరిగాను. అప్పుడు నెల పట్టిన సర్దుబాటు ఈసారి ఒక్క రాత్రిలో అయింది. ఆ రాత్రి మా బృందాన్ని చూసి నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

ఓటీపీల సంగతి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్ నుంచి సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్ లాగిన్‌కి అందరికీ ఓటీపీ తప్పనిసరైంది. ఓటీపీ యజమాని ఫోన్‌కి వెళ్తుంది, ఆయన బేరంలో ఉంటారు. అదే ఖాతా కింద మాకు విడి లాగిన్లు ఇచ్చి సబ్-యూజర్లని చేసుకుంటే ఎవరి ఓటీపీ వాళ్ల ఫోన్‌కే వస్తుంది. ఆ సౌకర్యం వాడని ఆఫీసులు వెంటనే వాడాలి. రిటర్న్ ఓటీపీ మాత్రం యజమానే చెప్పాలి. మా పాత క్లయింట్, బట్టల షాపు పెద్దాయన, నేను ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతారు: "అమ్మాయ్, ఆరంకెలు వచ్చాయి. అడిగింది నువ్వేనా, ఇంకెవరైనానా? ముందు అది చెప్పు." "నేనే బాబాయి గారూ, అక్టోబరు 3బీకి" అంటే అప్పుడు చెబుతారు. అందరూ ఆయనలాగే అడగాలి. మా ఆఫీసులో ఇప్పుడు నియమం కూడా అదే. ముందు మా నంబరు నుంచి ఫోన్ చేసి దేనికో చెప్పాకే బటన్ నొక్కుతాం. మెసేజ్‌లో ఓటీపీ అడగం.

ఇక నాకు మనసుకి కష్టంగా ఉన్న విషయం, పిల్లలు పని నేర్చుకోవడం. ఆఫీసులో ఆర్టికల్స్‌కి, అంటే సీఏ చదువులో భాగంగా శిక్షణకి, వచ్చే పిల్లలు సగం పని చెవులతో నేర్చుకుంటారు. పక్క టేబుల్ దగ్గర నేను క్లయింట్‌తో ఏం మాట్లాడుతున్నానో వింటారు, అనుమానం వస్తే కుర్చీ తిప్పి అడుగుతారు. ఇంట్లో కూర్చుంటే అది ఉండదు. అడగడానికి ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే అక్కని ఇబ్బంది పెట్టినట్టు అవుతుందేమో అని ఆగిపోతారు. 2021లో ఒక అబ్బాయి, షాపు యజమాని ఇంటి వాడకానికి కొన్న కారు బిల్లు మీద ఐటీసీ తీసేసుకున్నాడు. అలాంటి కారు మీద ఐటీసీ చట్టప్రకారం రాదు. ఆఫీసులో ఉంటే ఆ బిల్లు చేతిలో పట్టుకుని నన్ను ఒక్క మాట అడిగేవాడు. మూడు నెలల తర్వాత నా కంట పడింది. వడ్డీతో సహా వెనక్కి కట్టించాం. ఆ వడ్డీ సార్ తన జేబులోంచి పెట్టుకున్నారు. అందుకే కొత్తగా చేరినవాళ్లకి మొదటి ఏడాది ఇంటి నుంచి పని ఇవ్వకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను. సీనియర్లు వారానికి రెండు రోజులైనా వాళ్ల పక్కన కూర్చోవాలి. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు.

ఇంటి సంగతి. "ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాట మొదట్లో రోజుకి నాలుగుసార్లు వినేదాన్ని. గ్యాస్ బండ వచ్చినా, చుట్టాలు వచ్చినా నేనే లేవాలి. మా అత్తగారిని ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఖాతా మొత్తం చూపించాను. "ఇంత లెక్క నీ మీద ఉందా!" అన్నారు. ఆ తర్వాత నా గది తలుపు దగ్గరకి ఎవరైనా వస్తే ఆవిడే ఆపుతున్నారు. ఆఫీసు వైపు నుంచి కూడా హద్దు కావాలి. రాత్రి పదిన్నరకి మెసేజ్‌లు వచ్చేవి, నాకు నిద్రలో కూడా టెన్షన్. నేనూ ఇంకో ఇద్దరమూ కలిసి సార్‌తో మాట్లాడాం. 9 నుంచి 11, 18 నుంచి 20 తేదీలు తప్ప మిగతా రోజుల్లో రాత్రి ఏడున్నర తర్వాత మెసేజ్ పెట్టకూడదని ఒప్పుకున్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా.

వస్తువుల్లో నాకు బాగా ఉపయోగపడింది రెండో తెర. 2బీ ఒకవైపు, లెడ్జర్ ఒకవైపు. రూ. 7,200 పెట్టి కొన్నాను, సగం ఆఫీసు ఇచ్చింది. ఇన్వర్టర్ లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు, రౌటర్ కూడా దానికే కలపాలి.

రైలు ప్రయాణం తప్పిన మూడు రోజులూ నాకు రోజుకి దాదాపు మూడు గంటలు దక్కుతున్నాయి. మా పాప లెక్కల హోంవర్క్ ఆ గంటల్లోనే జరుగుతోంది. సోమ, మంగళవారాలు మాత్రం ప్యాసింజర్ ఎక్కుతాను. ఆ రెండు రోజులూ కొత్త పిల్లల టేబుల్ దగ్గరే నా కుర్చీ వేసుకుంటాను.