స్విట్జర్లాండ్‌లో మహిళల యూరో: టికెట్ చవక, గది ఖరీదు

"స్విట్జర్లాండా! ఎంతయిందేంటి?" 2025 జులైలో మహిళల యూరో, అంటే ఐరోపా దేశాల మహిళా జట్ల ఫుట్‌బాల్ టోర్నీ చూసొచ్చామని చెప్పగానే, మేముండే జర్మనీలోని మ్యూనిక్‌లో మన తెలుగువాళ్ల నోట వచ్చే మొదటి మాట ఇదే. నిజానికి మా ఖర్చులో మ్యాచ్‌ల వాటా తక్కువ. టికెట్లు 25 స్విస్ ఫ్రాంకుల దగ్గర మొదలయ్యాయి. పైగా మ్యాచ్ రోజు స్విట్జర్లాండ్ లోపల స్టేడియానికి రానుపోను రెండో తరగతి రైలు, బస్సు, ట్రామ్ అన్నీ ఆ టికెట్లోనే కలిసి ఉన్నాయి. అక్కడి రైలు ఛార్జీలు తెలిసినవాళ్లకి ఇదెంత కలిసొచ్చే విషయమో చెప్పక్కర్లేదు. జేబుకి చిల్లు పెట్టేవి గదులు, ఆ తర్వాత తిండి. మ్యాచ్ ఉన్న ఊళ్లోనే దిగాలన్న పట్టుదల వదిలేస్తే సగం భారం తగ్గుతుంది.

వెళ్లింది నేను, మావారు, కొవ్వూరు నుంచి వచ్చిన మా అత్తయ్య, ఇక్కడ క్లబ్బులో ఫుట్‌బాల్ ఆడే మా అక్క కూతురు. అత్తయ్యకి క్రికెట్ తప్ప వేరే ఆట తెలీదు. ఆవిడ మోకాళ్ల సంగతి చూసుకుని గదులు వెతికాం కాబట్టి పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి ఇది పనికొస్తుంది.

మొదటి మజిలీ సాంక్ట్ గాలెన్. మ్యూనిక్ నుంచి జ్యూరిక్ వెళ్లే రైలు లిండావ్, బ్రెగెంజ్ మీదుగా వచ్చి ఇక్కడ ఆగుతుంది, మారే పని లేదు. జులై 13న ఇంగ్లండ్, వేల్స్ మ్యాచ్. స్టేడియం ఊరికి పడమటి చివర, వింకెల్న్ స్టేషన్‌కి దగ్గర. వేల్స్ 6-1తో చిత్తుగా ఓడినా, ఎరుపు, పసుపు, పచ్చ గీతల టోపీలు పెట్టుకున్న వాళ్ల జనం చివరి నిమిషం దాకా పాడుతూనే ఉన్నారు. ఆట రాత్రి 9కి మొదలైంది కాబట్టి ఆ రాత్రి అక్కడే ఉండక తప్పలేదు. మేం దిగిన హోటల్లో టిఫిన్ భేషుగ్గా ఉంది గానీ ఏసీ మాట అటుంచి ఫ్యాన్ కూడా లేదు. ఐరోపా ఎండాకాలంలో గది బుక్ చేసేటప్పుడు ఇది అడిగి తెలుసుకోవాల్సిందే. మర్నాడు ఖాళీ ఉంటే మఠం లైబ్రరీ చూడండి. యునెస్కో గుర్తించిన చోటు, గంట చాలు.

ఇక తూన్. ఇంకెవరైనా వెళ్తామంటే నేను చెప్పే ఊరు ఇదే. బెర్న్‌లో క్వార్టర్ ఫైనల్ రోజున గదుల రేట్లు చూస్తే గుండె ఆగింది. రైల్లో సుమారు 20 నిమిషాల దూరంలో ఉన్న తూన్‌లో వంటగదితో సహా చిన్న ఫ్లాట్ రాత్రికి 160 ఫ్రాంకులకి దొరికింది. ఈ ఊళ్లోనూ మ్యాచ్‌లు జరిగాయి. నార్వే, ఐస్‌లాండ్ 4-3 మ్యాచ్ ఇక్కడే. పాత బజారులో ఒక తమాషా ఉంది. దుకాణాలు రెండు వరసలు: రోడ్డు మట్టానికి కొన్ని, వాటి కప్పులే కాలిబాటగా పైన ఇంకొన్ని. అత్తయ్య కింద నడుస్తుంటే పిల్ల పైన నడుస్తూ వంగి కబుర్లు చెప్పింది. ఆరె నది తూన్ సరస్సులోంచి బయటపడే చోట చెక్క లాకులున్నాయి, అక్కడ లేచే అలమీద కుర్రాళ్లు సర్ఫింగ్ చేస్తుంటారు. "గోదారంత వెడల్పు లేదు గానీ వడి మాత్రం వరద గోదారిదే" అని తేల్చేశారు అత్తయ్య.

ఫ్లాట్‌లో నియమాల కాగితం రెండు పేజీలు. చెత్త ఏ సంచీలో వేయాలి, రాత్రి 10 దాటాక చప్పుడు చేయకూడదు, అన్నీ. పప్పుకి పోపు పెట్టగానే స్మోక్ అలారం మోగింది, కిటికీలు బార్లా తీసి తువ్వాలుతో విసిరితే గానీ ఆగలేదు. అయినా వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి. ఫ్రాంకు వంద రూపాయల పైమాటే. నలుగురం ఒక్కపూట బయట భోంచేస్తే మ్యాచ్ టికెట్ల డబ్బు అయిపోతుంది. బియ్యం, పప్పు, ఆవకాయ ఇంటి నుంచే తీసుకెళ్లాం, కూరగాయలు, పెరుగు అక్కడి సూపర్ మార్కెట్లో కొన్నాం. దగ్గర్లో ఉన్న ఇంటర్లాకెన్ ఊళ్లో భారతీయ హోటళ్లు బోలెడు, కానీ ఆ ధరకి ఆ రుచి నాకు నచ్చలేదు. నీళ్ల సీసాలు మాత్రం కొనకండి. వీధి కుళాయిల నీళ్లు శుభ్రంగా తాగొచ్చు, తాగకూడనివైతే బోర్డు ఉంటుంది.

జులై 18న బెర్న్‌లో స్పెయిన్, స్విట్జర్లాండ్. తూన్ నుంచి ఎస్1 లోకల్ ఎక్కితే బెర్న్ ప్రధాన స్టేషన్ దాకా పోకుండానే స్టేడియం దగ్గరి వాంక్‌డార్ఫ్‌లో దిగొచ్చు. మావారు, అత్తయ్య అలాగే వెళ్లారు. నేనూ పిల్లా మాత్రం ఊళ్లోకెళ్లి అభిమానుల ఊరేగింపులో కలిశాం. వేలమంది, ఎర్ర చొక్కాలు, మెడలో గంటలు, భుజాల మీద పిల్లలు. మగవాళ్ల మ్యాచ్‌లకి వెళ్లినప్పుడు ఉండే ఆ తాగుడు గోల, టెన్షన్ ఇక్కడ లేవు. స్టేడియంలో స్పెయిన్ మొదట్లోనే పెనాల్టీ వృథా చేసింది. 66వ నిమిషం దాకా స్విస్ అమ్మాయిలు గోల్ ఇవ్వలేదు. అప్పుడు స్పెయిన్ ఆటగత్తె బొన్మతీ మడమతో వెనక్కి తోసిన బంతిని అతెనియా లోపల వేసింది, ఐదు నిమిషాలకి పీనా ఇంకోటి. 2-0. అయిపోయాక స్పెయిన్ ఆటగాళ్లు రెండు వరసలుగా నిలబడి, ఓడిన స్విస్ జట్టుకి చప్పట్లు కొడుతూ దారిచ్చారు. అత్తయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, "ఈ ఏడుస్తున్న పిల్ల పేరేంటే?" అంటూ.

సౌకర్యాల్లో రెండు మాటలు. ఏ4 కాగితం కంటే పెద్ద సంచీ లోపలికి రానివ్వరు, మందుల పెట్టె చిన్నది పెట్టుకోండి. మహిళల టోర్నీయే అయినా ఒక స్టేడియంలో ఆడవాళ్ల బాత్రూమ్ క్యూ మెట్లదాకా వచ్చింది, మగవాళ్ల వైపు ఈగలు తోలుకుంటున్నారు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి మొబైల్ రోమింగ్ మీ ప్లాన్‌లో ఉందో లేదో చూసుకోండి. టికెట్లు ఫోన్లోనే ఉంటాయి మరి.

ఫైనల్ జులై 27న బాసెల్‌లో. ఊళ్లో దిగినవాళ్లకి హోటలే బాసెల్‌కార్డ్ ఇస్తుంది, సిటీ రవాణా ఉచితం. అయినా లెక్క కుదరక మేం సరిహద్దు దాటి జర్మనీలో ఉన్న వైల్ అమ్ రైన్‌లో దిగాం. బాసెల్ 8వ నంబర్ ట్రామ్ అక్కడిదాకా వస్తుంది. గది, భోజనం అన్నీ యూరోల్లోనే, ప్రాణం హాయిగా ఉంది. ఆట సంగతి తెలిసిందే: స్పెయిన్, ఇంగ్లండ్ 1-1, పెనాల్టీల్లో ఇంగ్లండ్ 3-1. ఇంగ్లండ్ గోల్‌కీపర్ హాంప్టన్ రెండు ఆపింది, క్లోయీ కెల్లీ గంతేస్తూ వచ్చి చివరిది కొట్టింది. ఆట గొప్పదే, కానీ జనం సందడిలో నా ఓటు బెర్న్‌కే.

2029 యూరో జర్మనీకి దక్కింది, వేదికల్లో మ్యూనిక్ కూడా ఉంది. గది ఖర్చు తప్పించుకుందామని మా హాల్లో సోఫాని ఇప్పుడే బుక్ చేసేసుకున్నవాళ్లున్నారు. మంచం మాత్రం అత్తయ్యదట, ముందే చెప్పేశారు.