బలవంతపు లూప్, అడిగితే ఇచ్చే లూప్

టీనేజ్ అమ్మాయిలకు గర్భనిరోధం తప్పనిసరి చేయాలని కొందరంటారు. చేస్తే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు, డెన్మార్క్ ఏలుబడిలోని గ్రీన్‌లాండ్‌లో జరిగింది. జనాభా పెరుగుదలకు కళ్లెం వేయాలని 1960ల చివర్లో డెన్మార్క్ డాక్టర్లు అక్కడి మూలవాసులైన ఇన్యూట్ స్త్రీలు వేలమందికి లూప్ (గర్భం రాకుండా గర్భాశయంలో పెట్టే సాధనం) వేశారు. వాళ్లలో పదమూడేళ్ల పిల్లలూ ఉన్నారు. చాలామందికి ఏం పెట్టారో చెప్పనేలేదు, అమ్మానాన్నల్నీ అడగలేదు. నొప్పులు, ఇన్ఫెక్షన్లు, కొందరికి ఇక పిల్లలే పుట్టలేదు. డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2025లో!

తప్పనిసరి అనేవాళ్లు అబ్బాయిల ఊసెత్తరెందుకో.

అమెరికాలోని కొలరాడోది వేరే దారి. 2009 నుంచి క్లినిక్‌లలో లూప్, చేతి చర్మం కింద పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్ ఉచితంగానో చవకగానో ఇచ్చారు, కావాలన్నవాళ్లకే. నాకు నచ్చింది ఇదే. కొన్నేళ్లలోనే అక్కడ టీనేజ్ కాన్పులు దాదాపు సగానికి పడిపోయాయి, అబార్షన్లూ బాగా తగ్గాయి.