ఓక్‌రిడ్జ్ నవలకు ఇచ్చిన గైడు: మా ఏడుగురికి ఎంత పనికొచ్చింది?

నల్లగొండలో మేం ఏడుగురం ఆడవాళ్లం నెలకో పుస్తకం చదువుకుంటాం. ఈసారి అణుబాంబు కాలం నవల. కథంతా అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, బాంబు కోసం రహస్యంగా కట్టిన ఓక్‌రిడ్జ్ పట్నంలో జరుగుతుంది. నవలతో పాటు చర్చ కోసం ప్రచురణకర్తలు ఉచితంగా ఇచ్చిన 14 పేజీల గైడును గడియారం సెంటర్‌లో జిరాక్స్ తీయించాను. ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి ప్రశ్నలు నేనే తెలుగులో చెప్పాను.

నాలుగో ప్రశ్న చాలా బాగుంది. యురేనియం వేరుచేసే యంత్రాల దగ్గర కూర్చున్న అమ్మాయిలకు మీటరు ముల్లు కదలకుండా చూడమనే చెప్పారు. ఏం తయారవుతోందో చెప్పలేదు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడ్డాకే తెలిసింది. ‘మీరైతే అడిగేవారా?’ అన్నది ప్రశ్న. బట్టల షాపులో ఇరవై ఏళ్లు పనిచేసిన మా వదిన, "పిల్లలకు బువ్వ పెట్టేది ఆ జీతమే అయితే ఎట్లడుగుతం వదినా?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

మ్యాపు స్పష్టంగా ఉంది. తేదీల పట్టిక మాత్రం నాగసాకితోనే ఆగిపోయింది. ఆ యురేనియంలో ఎక్కువ భాగం బెల్జియన్ కాంగోలోని షింకోలోబ్వే గని నుంచి వచ్చింది. ఆ పేరే లేదు. లంబాపూర్, పెద్దగట్టు ఊళ్లలో యురేనియం తవ్వకాల గొడవ చూసిన జిల్లా మాది. గనిలో దిగినవాళ్ల సంగతేంటని మేం అడగకుండా ఉండలేం.

నన్ను బాగా బాధపెట్టింది ఇంకొకటి. 1942లో ఆ పట్నం కోసం సుమారు 59 వేల ఎకరాలు తీసుకుని, దాదాపు 3 వేల మందిని ఖాళీ చేయించారు. కొందరికి రెండు మూడు వారాల గడువే ఇచ్చారు. దీని గురించి గైడులో ఒక్క వాక్యమే ఉంది, ప్రశ్న అసలే లేదు. మాలో ఒకామె తల్లిగారిది ఏలేశ్వరం, సాగర్ ముంపులో పోయిన ఊరు. ఇల్లు విప్పి తలుపులు, దూలాలు బండి మీద వేసుకుని వచ్చామని వాళ్లమ్మ చెప్పేదట. నవలలో ఒక ముసలావిడ భర్త సమాధి వదిలి కదలలేని పేజీని ఆమె మళ్లీ చదివించుకుంది. గంటన్నర దాని మీదే మాట్లాడుకున్నాం.

గైడు తీసుకోండి, మొదటి ఎనిమిది ప్రశ్నలు చాలు. మిగతావి రచయిత్రి గురించే. మేం చివరి ఖాళీ పేజీలో మా ప్రశ్నలు రాసుకున్నాం. మొదటిది ఆ ఏలేశ్వరం ఆమెది: ‘కంచె వేశాక, లోపల ఉండిపోయిన తమవాళ్ల సమాధుల దగ్గరికి వాళ్లను పోనిచ్చారా?’