క్యోటో ఆగస్టు: ఎండ ఉండగానే వేసవికి వీడ్కోలు

"అక్కా, ఉక్క మన బెజవాడకేమీ తీసిపోదు, అమ్మకి గొడుగు తీసుకురా" అని ఒసాకాలో ఉద్యోగం చేసే తమ్ముడు ముందే చెప్పాడు. ఆగస్టు 14న క్యోటోలో దిగితే అన్నట్టే ఉంది. కానీ అక్కడి పాత పంచాంగం ప్రకారం ఆగస్టు 7, 8 తేదీలకే శరదృతువు వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎంత కాసినా అది ‘జాన్షో’, మిగిలిపోయిన ఎండ. క్షేమం అడుగుతూ రాసే కార్డుల మీదా అదే మాట. వేసవి పోతే మనం హమ్మయ్య అనుకుంటాం. వాళ్లకి మాత్రం ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపుతున్నట్టు ఉంటుంది.

16వ తేదీ రాత్రి నిజంగానే సాగనంపుతారు. పితృదేవతల పండగైన ఓబొన్ రోజుల్లో ఇళ్లకొచ్చిన పెద్దల ఆత్మల కోసం ఊరి చుట్టూ ఐదు కొండల మీద మంటలు వెలిగిస్తారు. దాన్ని గొజాన్ నో ఒకురిబి అంటారు. మేం కామో నది ఒడ్డున, దెమాచియానగి దగ్గర చూశాం. టికెట్టు లేదు, కానీ చీకటి పడకముందే వెళ్లి కూర్చోవాలి. సరిగ్గా 8 గంటలకు తూర్పు కొండ మీద ‘పెద్ద’ అని అర్థమిచ్చే అక్షరం ఎర్రగా లేచింది. దాని అడ్డగీత ఒక్కటే 80 మీటర్లు. మా ముందున్న పెద్దాయన చేతులు జోడించి, అది సన్నగిల్లేదాకా అలాగే నిలబడ్డారు. అమ్మ కూడా నాన్నని తలచుకుని దణ్ణం పెట్టుకుంది. డబ్బు పోసి హోటల్ మేడ మీంచి చూడక్కర్లేదు, ఒడ్డు చాలు.

ఆ రాత్రి బస్సు నమ్ముకోవద్దు. 230 యెన్ల టికెట్టే అయినా కాలు పెట్టే చోటుండదు. కెయిహన్ రైలు మేలు.

బస చేసిన పాత చెక్క ఇంటి మెట్లు నిచ్చెనలా నిటారు. ఏసీ ఒక్క గదిలోనే ఉందని బుక్ చేసేటప్పుడు ఎక్కడా చెప్పలేదు. అమ్మ మోకాళ్లతో టెన్షన్ పడి నాలుగో రోజు బిజినెస్ హోటల్‌కి మారాం. గది చిన్నది, కానీ లిఫ్ట్, చల్లదనం, బట్టలుతుక్కునే మెషిన్ ఉన్నాయి. పెద్దవాళ్లుంటే అదే తీసుకోండి. శాకాహారులైతే పులిహోర పేస్టు పట్టుకెళ్లండి, అక్కడ సూప్‌లో ఎండుచేప రసం లేనిది అరుదు.

అయినా ఆ చెక్క ఇంటి చూరుకి కట్టిన గాజు గంట చప్పుడు, పెరటి చెట్టు మీద ‘త్సుకుత్సుకు బోషి’ అని తన పేరే అరిచే పురుగు హోటల్లో దొరకవు. ఆ అరుపు వింటే, వేసవి సెలవులు అయిపోవస్తున్నాయని హోంవర్కు పూర్తికాని పిల్లలకి గుండె గుభేలంటుందట.

23న ఆ చెక్క ఇంటి వీధిలోనే జిజో బొన్, పిల్లల్ని కాచే జిజో దేవుడి పండగ. ఎర్ర గుడ్డ కట్టిన రాతి దేవుడి ముందు పిల్లలకి మిఠాయిలు పంచారు. చీకటి పడ్డాక ఇంటావిడ మాకూ తలా ఒక సెంకో హనాబి, అంటే చిన్న కాకరపువ్వొత్తి లాంటిది, ఇచ్చారు. పురికొసంత కాగితం, చివర చిటికెడు మందు. అంటించగానే ఎర్రటి బొట్టు కట్టి, చుట్టూ సన్నటి రవ్వలు విరజిమ్మింది. చెయ్యి కదిపితే రాలిపోతుంది. అమ్మ ఊపిరి బిగబట్టింది. అయినా బొట్టు రాలింది. ఇంటావిడ ఏమీ అనకుండా ఇంకొకటి అమ్మ చేతిలో పెట్టారు.