పెప్టైడ్ మందుల వడపోత: మామూలు కణాలా, ఆర్గనాయిడ్లా, ఎలుకలా?

చేతిలో వేల పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు) ఉంటాయి, మందుగా నిలబడేవి మాత్రం ఒకటో రెండో. మిగతావాటిని దేని మీద పెట్టి వడగట్టాలి? ఆర్గనాయిడ్లు, అంటే మూలకణాల నుంచి ల్యాబ్‌లో పెంచే బుల్లి అవయవాల్లాంటివి వచ్చాక, ఇక మామూలు కణాలు, ఎలుకలు ఎందుకన్న ఉత్సాహం బాగా కనిపిస్తోంది. నా లెక్క వేరు. ఆర్గనాయిడ్ మంచి జల్లెడే. దాన్ని రెండో జల్లెడగా వాడాలి, అదీ పెప్టైడ్ ఏ కణానికి, ఆ కణంలో ఏ వైపుకి చేరాలో తెలిశాకే.

మామూలు కణాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హెచ్‌ఈకే 293 లాంటి, ల్యాబ్‌లో తేలిగ్గా పెరిగే మనిషి కణాల్లో మనకు కావాల్సిన రిసెప్టర్ (మందు వచ్చి పట్టుకునే ప్రొటీన్) ఒక్కటే పెట్టి, 384 గుంటల ప్లేటులో పెప్టైడ్లు వేస్తే ఏది అతుక్కుందో, ఏది అతుక్కోలేదో త్వరగా తేలిపోతుంది. చవక, వేగం. కానీ అది పేగూ కాదు, కాలేయమూ కాదు. పేగు కోసం వాడే కాకో-2 కణాలు కూడా ఒక పెద్దపేగు క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చినవే. వాటి మీద అసలు పేగులో ఉండేంత జిగురు పొర ఉండదు, పక్కన వేరే రకం కణాలూ ఉండవు.

ఆ లోటు తీర్చింది ఆర్గనాయిడ్. 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ ల్యాబ్‌లో తోషిరో సాటో ఎలుక పేగులోని ఒక్క మూలకణాన్ని మ్యాట్రిజెల్ అనే జెల్‌లో పెంచితే, అది చిన్న పేగు ముక్కలా గుంటలు, మడతలతో సహా తయారైంది. జిగురు కారే కణాలు, హార్మోన్లు విడుదల చేసే కణాలు అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత మనిషి పేగు నుంచీ పెంచారు. రోగి కణజాలంతోనే చేయొచ్చన్నది దీని అసలు బలం. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో రోగి ఆర్గనాయిడ్ మందు వేస్తే ఉబ్బుతుందా లేదా అని చూసి, ఆ మందు ఆ రోగికి పనిచేస్తుందో లేదో అంచనా వేస్తున్నారు.

అయితే పెప్టైడ్ల దగ్గర ఒక తిరకాసు ఉంది. జెల్‌లో పెరిగిన పేగు ఆర్గనాయిడ్ మూసుకుపోయిన సంచి లాంటిది. తిండి తగిలే వైపు లోపల ఉంటుంది, రక్తం వైపు బయట ఉంటుంది. మనం ద్రవంలో కలిపిన పెప్టైడ్ బయటి వైపే తగులుతుంది. చిన్న రసాయన అణువులైతే చాలావరకు ఎలాగో దూరిపోతాయి, పెప్టైడ్లకు అది కష్టం.

ఉదాహరణకు లినాక్లోటైడ్. 14 అమైనో ఆమ్లాల పెప్టైడ్, మలబద్ధకానికి 2012లో అమెరికాలో అనుమతి పొందింది. అది పట్టుకునే రిసెప్టర్ పేగు కణాల లోపలి, అంటే తిండి తగిలే ముఖం మీద ఉంటుంది. కాబట్టి మామూలు ఆర్గనాయిడ్ చుట్టూ దీన్ని పోస్తే ఏమీ జరగనట్టే కనిపించవచ్చు. మంచి మందు చెత్తబుట్టలోకి పోతుంది! దీనికి దారులున్నాయి: సన్న సూదితో లోపలికి ఎక్కించడం, ఆర్గనాయిడ్‌ని విడదీసి చిల్లుల పొర మీద పరచడం, లేదా జెల్ తీసేసి, లోపలి ముఖం బయటికి వచ్చేలా తిరగేయడం. పెద్ద సంఖ్యలో పరీక్షించాలంటే సూది పని అయ్యేది కాదు. పరచడమే నయం.

టెడుగ్లుటైడ్‌ది ఇంకో కథ. 33 అమైనో ఆమ్లాలు, చిన్నపేగు చాలావరకు లేకుండా పోయిన రోగులకు ఇస్తారు, ఇదీ 2012దే. దాని ప్రభావం పేగు లోపలి పొర పెరగడం. కానీ దాని రిసెప్టర్ ప్రధానంగా ఆ పొర కింది కణాల్లో, పేగు నరాల్లో ఉంటుంది. లోపలి పొర కణాలు మాత్రమే ఉన్న ఆర్గనాయిడ్‌లో ఇది దాదాపు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. కింది కణాలను కూడా కలిపి పెంచితే తప్ప లాభం లేదు.

మరి ఎలుకలు? అవీ మోసం చేస్తాయి. అమైలిన్ అని క్లోమం నుంచి వచ్చే హార్మోన్ ఉంది; మనిషిది గడ్డకట్టి పోగులుగా మారుతుంది, ఎలుకలది మారదు. ఆ తేడానే వాడుకుని ప్రామ్లింటైడ్ అనే మధుమేహం మందు తయారుచేశారు, కాబట్టి ఈ మోసం మనకు కలిసొచ్చింది కూడా. జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్‌ను పోలిన మధుమేహం మందు లిరాగ్లుటైడ్‌తో ఎలుకల థైరాయిడ్‌లో కణితులు వచ్చాయి. మనిషి థైరాయిడ్‌లో ఆ హార్మోన్ రిసెప్టర్లు చాలా తక్కువైనా, హెచ్చరిక మాత్రం మందు సమాచారపత్రంలో నిలిచిపోయింది.

అయినా ఒక విషయంలో జంతువును దాటలేం. సహజమైన జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాలు కూడా సరిగ్గా నిలవదు, దాన్ని పోలిన మందు సెమాగ్లుటైడ్ సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. ఆ తేడాకి కొంత కారణమైన రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్, వడగట్టే మూత్రపిండాలు ఆర్గనాయిడ్‌కి లేవు. 2022 డిసెంబరులో అమెరికా చట్టం జంతు పరీక్ష తప్పనిసరన్న నిబంధనను తీసేసింది. ఆ తీసేయడంతో, మందు ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు.

కాబట్టి నేనైతే వేల పెప్టైడ్లను మామూలు కణాల మీద వడగట్టి, మిగిలిన కొద్దిపాటివే ఆర్గనాయిడ్ దాకా తెస్తాను. అందులోనూ మొదటి రోజే పనిచేస్తుందని తెలిసిన ఒక పెప్టైడ్‌ని వేసి చూస్తాను. పేగు రిసెప్టర్ అయితే లినాక్లోటైడే వేయొచ్చు. అది కూడా పనిచేయకపోతే కొత్త పెప్టైడ్లను తప్పుపట్టే ముందు ఆర్గనాయిడ్‌ని తిరగేయాలి.