ఖడక్‌వాస్లాకు బండి, బస, భోజనం: ఫస్ట్ టర్మ్ కేడెట్ తండ్రి రివ్యూ

మావాడు జులైలో ఎన్‌డీఏలో, అంటే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాడు. ఇప్పుడు ఫస్ట్ టర్మ్, అంటే మొదటి ఆర్నెల్లు. మాది మిర్యాలగూడ, ఎరువుల కొట్టు. వానాకాలంలో యూరియా లారీ వచ్చే రోజు నేను ఊళ్లో లేకపోతే కొట్టు ముందు గొడవే, కాబట్టి పుణె ప్రయాణమంటే ముందే లెక్క వేసుకోవాలి. వెళ్లొచ్చినప్పటి నుంచి ఎస్‌ఎస్‌బీ (సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ) పాసైన పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు. ఎక్కడ దిగారు, ఎలా వెళ్లారు, ఏం పట్టుకెళ్లారు అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా. రైలుకి, గదికి, కారుకి మార్కులు కూడా వేస్తా. అయితే టూరిస్టు లెక్కన కాదు. పిల్లాడు బయట ఉండే ఆ కాసిన్ని గంటల్లో ఏది పనికొచ్చింది, ఏది ఆ టైమ్‌ని మింగేసింది, అంతే నా లెక్క.

చేరగానే పిల్లల్ని బయటికి వదులుతారనుకోకండి. మావాడికి డ్రిల్ టెస్ట్ (కవాతు పరీక్ష) పాసయ్యాకే లిబర్టీ వచ్చింది. లిబర్టీ అంటే సెలవురోజు పగలు బయటికి పోయి, చెప్పిన టైముకి లోపల రిపోర్ట్ చేయాలి. టెస్ట్ పాసైనా ప్రతి ఆదివారం ఖాళీ ఉంటుందని లేదు. స్క్వాడ్రన్ల (కేడెట్ల జట్ల) మధ్య క్రాస్‌కంట్రీ పరుగు పోటీయో, ఇంకోటో ఉంటే ఆ వారం మర్చిపోవాల్సిందే. వాడికే నాలుగైదు రోజుల ముందుగానీ సంగతి తెలియదు, వాడు ఫోన్ చేసేదాకా మనకి తెలియదు.

రైలు టికెట్లేమో 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబర్‌కి ముందు 120 రోజులుండేది, తగ్గించడం మాలాంటి వాళ్లకు మంచిదే అయింది. మేం చేసేదేంటంటే, వీలయ్యేలా ఉన్న రెండు ఆదివారాలకూ టికెట్లు తీసుకుని ఉంచుతాం. వాడి ఫోన్ వచ్చాక ఒకటి క్యాన్సిల్ చేస్తాం. ఎంత ముందు చేస్తే పోయే డబ్బు అంత తక్కువ. తత్కాల్ నమ్ముకుని ఉదయం పదింటికి ఫోన్ పట్టుకుని కూర్చునే ఓపిక, బీపీ ఉన్న నాకు లేదు.

మేం ఎక్కేది సికింద్రాబాద్–పుణె శతాబ్ది. మధ్యాహ్నం బయల్దేరుతుంది, వికారాబాద్, తాండూరు, కలబురగి, సోలాపూర్ మీదుగా రాత్రి 11 దాటాక పుణెలో దింపుతుంది. మంగళవారం నడవదు. శనివారం పొద్దున కొట్టు తెరిచి, తమ్ముడికి అప్పగించి, బస్సెక్కి సికింద్రాబాద్ చేరేంత టైమ్ దొరుకుతుంది, మాకు కావాల్సింది అదే. రాత్రంతా కూర్చుని పోయే బాధ లేదు, ఏసీ కుర్చీలో నడుంనొప్పి రాలేదు. ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే, అర్ధరాత్రి దిగి గది వెతుక్కోవాలి కదా, అందుకు. విశాఖ, రాజమండ్రి, విజయవాడ వైపు వాళ్లకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ నేరుగా పుణె వెళ్తుంది. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులూ ఉన్నాయి, కుర్రాళ్లయితే వాటిలో వెళ్లొచ్చు. పగటిపూట దిగేవాళ్లకు పుణె స్టేషన్ నుంచి వనాజ్ దాకా మెట్రో ఉంది. అక్కడి నుంచి ఆటో పట్టుకోవచ్చు, సామాను తక్కువుంటే హాయి.

ఇక బస. అసలు రివ్యూ ఇదే.

మొదటిసారి స్టేషన్‌కి దగ్గరని ఒక లాడ్జిలో దిగాం. ఫొటోల్లో బాగుంది, గది నిజంగానే శుభ్రంగా ఉంది, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి. కానీ చెకౌట్ పదకొండింటికి. మావాడు బయటికి వచ్చి, అక్కణ్ణుంచి ఊళ్లోకి చేరేసరికి పదిన్నర. అదొక్కటే అయినా సర్దుకునేవాళ్లం. కౌంటర్‌లో ఉన్నాయన వాణ్ని చూసి, "విజిటర్లు గదిలోకి వెళ్లకూడదు సార్, కింద కూర్చోండి" అన్నాడు. టై కట్టుకుని, బ్లేజర్ వేసుకుని, జేబులో ఐకార్డుతో వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లాడు విజిటరా! రూల్ ఉందంటే ఉంది, ఆయన్ని అని లాభం లేదు. ఎక్స్‌ట్రా పర్సన్ డబ్బు కట్టి పైకి తీసుకెళ్తే అరగంటలో గది ఖాళీ చేయమని ఫోన్. మా ఆవిడ తెల్లవారుజామున లేచి చేసిన సర్వపిండి, టిఫిన్ డబ్బాలు అన్నీ మళ్లీ సర్ది, కింద లాబీలో టీపాయ్ మీద పెట్టి వాడికి తినిపించింది. వచ్చేపోయేవాళ్లు చూస్తుంటే వాడు సిగ్గుపడి నిటారుగా కూర్చుని తిన్నాడు. ఆ లాడ్జికి ఐదుకి ఒకటిన్నర, అదీ దుప్పట్లకి.

రెండోసారి వార్జే వైపు ఒక హోమ్‌స్టే తీసుకున్నాం. రిటైరైన దంపతుల ఇల్లు, పై పోర్షన్ అద్దెకిస్తారు. రోజుకి 2,500 పడింది, లాడ్జి కంటే ఎక్కువే. ఎన్‌డీఏ రోడ్డు అటువైపే, శివణే, ఉత్తమ్‌నగర్ మీదుగా అకాడమీకి పోతుంది. స్టేషన్ దగ్గర దిగితే పిల్లాడు పదిహేను కిలోమీటర్లకు పైగా ట్రాఫిక్‌లో రావాలి, మళ్లీ అంత దూరం పోవాలి. ఇక్కడైతే ఆ టైమంతా మనదే.

బుక్ చేసేముందు ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడిగాను, మీరూ అడగండి. మా అబ్బాయి పగలంతా గదిలో ఉంటే అభ్యంతరమా? స్టవ్ వాడుకోవచ్చా? సోమవారం పొద్దుటి దాకా గది మాదేనా? మూడోది చాలామంది అడగరు. ఆదివారం సాయంత్రం పిల్లాణ్ని దింపి అటే వెళ్లిపోదామనుకుంటారు, అందుకని శనివారం ఒక్క రాత్రికే గది తీసుకుంటారు. అలా తీసుకుంటే వాడు వచ్చే టైముకే మీరు ఖాళీ చేయాలి. రెండు రాత్రుల డబ్బు కట్టండి, పగలు వాడికి నీడ దొరుకుతుంది.

ఆ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి, ఒక కుక్కర్, నాలుగు గిన్నెలు ఉన్నాయి. వాషింగ్ మెషీన్ లేదు. కర్టెన్లు మందంగా ఉన్నాయి, ఇది చెప్పుకోవాల్సిన విషయమే. వాడు వచ్చీరాగానే బూట్లు విప్పితే మడమల దగ్గర చర్మం లేచిపోయి ఉంది, మోచేతులు నల్లగా గట్టిపడ్డాయి. అది రగ్డా (శిక్షగా చేయించే కసరత్తు) ముద్రట, నవ్వుతూ చెప్పాడు. గీజర్ వేసి, బకెట్‌లో వేడినీళ్లు పట్టి, రాళ్లుప్పు వేసిస్తే కాళ్లు ముంచుకుని కూర్చున్నాడు. అలా కూర్చునే రెండుసార్లు తూగాడు. మా ఆవిడకి అడగాల్సినవి వంద ఉన్నాయి, ఒక్కటీ అడక్కుండా కర్టెన్ లాగేసి ఫ్యాన్ తగ్గించింది. గంటన్నర నిద్ర. లేచాక మాటలు వాటంతటవే వచ్చాయి. అందుకే ఆ ఇంటికి ఐదుకి నాలుగుంపావు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే కష్టం. వాషింగ్ మెషీన్ కూడా ఉంటే ఐదూ ఇచ్చేవాణ్ని.

భోజనానికి బయట హోటల్‌కి వద్దు. పుణెలో మంచి హోటళ్లు లేవని కాదు, ఆదివారం మధ్యాహ్నం టేబుల్ కోసం బయట నిలబడటమే ముప్పావుగంట. పిల్లాడు ఫోన్‌లోనే చెప్పాడు, ముద్దపప్పు, పచ్చిపులుసు, వేడన్నం కావాలని. కోడికూర కూడా చేస్తానంటే, "మెస్‌లో చికెన్ పెడతారమ్మా, పచ్చిపులుసే పెట్టరు" అన్నాడు. అదీ సంగతి. చింతపండు, ఎండుమిర్చి, పప్పు ఇంటి నుంచే పట్టుకెళ్లండి, బియ్యం అక్కడ కొనుక్కోవచ్చు. తినే స్పీడ్ చూసి భయపడకండి, మెల్లగా తినమని చెప్పకండి, అలవాటు పడిపోయారు. వాడితో లోపలికి ఏం పంపొచ్చో వాణ్నే అడగండి. మేం తెచ్చిన సకినాల డబ్బా సగం అక్కడే తిన్నాడు, మిగతాది ఇంటి ఓనరుగారికి ఇచ్చాం. వాడు అడిగినవన్నీ చిన్నవే. బ్రాసో (ఇత్తడి మెరిపించే పాలిష్), నల్ల బూట్ పాలిష్, బ్యాండేజీలు, మందపాటి కాటన్ సాక్సులు, ఒక గట్టి తాళం. ఆదివారం షాపులు వెతకకుండా అవన్నీ మిర్యాలగూడలోనే కొని సంచిలో పెట్టుకెళ్లాం.

చూసే ప్రదేశాల ప్లాన్ ఉంటే చింపేయండి. సింహగఢ్ దగ్గరే కదా, కోట చూసి అక్కడి పిఠ్లా భాకరీ (శనగపిండి కూర, రొట్టె) తిందామని నేనంటే వాడు దణ్ణం పెట్టాడు. "డాడీ, ఆ కొండ పేరెత్తొద్దు." అకాడమీలో తప్పు చేసినవాళ్లని ఆ కొండకే పరుగెత్తిస్తారట. మేమిద్దరం తర్వాతెప్పుడో చూస్తాంలే అని ఊరుకున్నా.

బంధువుల సంగతి కూడా చెప్పాలి. మా బావమరిది కుటుంబం, మా అమ్మ, అందరూ వస్తామన్నారు. ఎనిమిది మంది చుట్టూ కూర్చుని, ఎలా ఉంది, ఎంత తిడతారు, ఎంత పరుగెత్తిస్తారు అని అడుగుతుంటే వాడికి నిద్రెక్కడిది. డిసెంబర్‌లో టర్మ్ బ్రేక్‌కి ఎలాగూ ఇంటికొస్తాడు, అప్పుడు ఎంతమందైనా చూడొచ్చని అమ్మకి నచ్చజెప్పాను. అలిగింది. అయినా సరే, ఫస్ట్ టర్మ్‌లో ఇద్దరు చాలు, ముగ్గురైతే ఎక్కువ.

దింపడానికి వెళ్లినప్పుడు గేటు దగ్గర మా ఆధార్ కార్డులు, వాడి అకాడమీ నంబర్, స్క్వాడ్రన్ పేరు అడిగారు. నంబర్ కాగితం మీద రాసుకుని ఉంచండి, ఆ టైమ్‌లో గుర్తురాదు. ఫోన్ జేబులో పెట్టేయండి, ఫొటోలు వద్దు. దారిలో మా ఆవిడ, అకాడమీ మెయిన్ బిల్డింగ్‌ని సూడాన్ బ్లాక్ అని ఎందుకంటారని అడిగిందే తడవు, వాడు అప్పజెప్పినట్టు చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సూడాన్ కోసం పోరాడి చనిపోయిన భారత సైనికుల గుర్తుగా అక్కడి ప్రభుత్వం లక్ష పౌండ్లు ఇచ్చింది, దేశ విభజన తర్వాత మన వాటాకి 70 వేల పౌండ్లు వచ్చాయి, ఆ డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టారు అని. ఇంటర్‌లో హిస్టరీ అంటే పారిపోయినవాడు!

కారు గురించి. పోవడానికి యాప్‌లో క్యాబ్ సులువుగా దొరికింది, గేటు దగ్గర నుంచి తిరిగి రావడానికి దొరకలేదు. ఒకటి బుక్కయి, పది నిమిషాల తర్వాత క్యాన్సిలైంది. చీకటి పడుతుంటే రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆ యాప్‌కి ఐదుకి రెండు. తర్వాతి నుంచి హోమ్‌స్టే ఓనరుగారు చెప్పిన డ్రైవర్‌నే రోజంతటికీ మాట్లాడుకుంటున్నాం. పొద్దున వాణ్ని తీసుకురావడం, సాయంత్రం రిపోర్టింగ్ టైముకి అరగంట ముందే దింపడం, మమ్మల్ని వెనక్కి తేవడం, అన్నీ ఆయనే. ఆలస్యమైతే పిల్లాడికి ఏమవుతుందో ఆయనకి మనకంటే బాగా తెలుసు, మా ఆవిడ ఇంకో ఐదు నిమిషాలు అంటే కూడా బండి స్టార్ట్ చేసి కూర్చుంటాడు. ఐదుకి ఐదు.

తిరుగు శతాబ్ది పుణెలో తెల్లవారుజామున, ఆరింటి ప్రాంతంలో. సోమవారం దాకా గది ఉంచుకోమన్నది ఇందుకు కూడా. వార్జే నుంచి నాలుగున్నరకి బయల్దేరితే రోడ్లు ఖాళీ, కంగారు ఉండదు. ముందురోజు రాత్రే డ్రైవర్‌కి ఒకసారి ఫోన్ చేసి గుర్తుచేయండి, గది డబ్బులు కట్టేయండి, కింద గేటు తాళం ఎవరు తీస్తారో అడిగి పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక సికింద్రాబాద్‌లో దిగుతారు. నేనైతే సాయంత్రం కొట్లో లైట్లు వేసే టైముకి మిర్యాలగూడ చేరుతున్నా.